మెట్ల మలుపులో అడ్జస్ట్ మేస్త్రీ

రంపం ఎందుకండీ ఇప్పుడు? మేడమ్, మీరు నాకు కనపడటం లేదు గానీ గొంతు బట్టి చెప్తున్నా, మీరు కంగారు పడుతున్నారు. కంగారు పడాల్సిందేం లేదు. సోఫా ఎక్కడికీ పోలేదు, మెట్ల మలుపులోనే ఉంది. నేనూ ఎక్కడికీ పోలేదు, సోఫాకీ గోడకీ మధ్యలో ఉన్నా. గోడేమో నా వీపుకి ఆనుకుంది, సోఫా చెయ్యేమో నా పొట్టకి ఆనుకుంది, మిగతాదంతా బాగానే ఉంది. పైన, మీ పక్కనే, మా డ్రైవరు తాడు పట్టుకుని లాగుతున్నాడు, కింద మా బామ్మర్ది భుజం పెట్టి నెడుతున్నాడు, ఇంకా కింద, గుమ్మం దగ్గర, మీ నాన్నగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని గాలి పీల్చుకుంటున్నారు. ఇందులో రంపానికి పనేముంది చెప్పండి.

"మేస్త్రీ గారూ, వడ్రంగికి ఫోన్ చేసేశాను. వస్తున్నాడు. ఎంతసేపని అలా నలిగిపోతారు? సోఫా కోసేసైనా మిమ్మల్ని బయటికి తియ్యాలి కదా."

నా సంగతి వదిలెయ్యండి మేడమ్. నేను ఇంతకంటే ఇరుకు చోట్లలో కాపురం చేసినవాణ్ణి. పెద్దాయన సంగతి చూడండి. పొద్దున సామాను లారీకి ఎక్కించేటప్పుడు మీరే కదా చెప్పారు, మంచం మీద పడుకుంటే ఆయనకి ఆయాసం, కుర్చీలో పడుకుంటే మెడ పట్టేస్తుంది, ఈ సోఫాలో ఆ మూలకి వీపు ఆనిస్తేనే కన్ను మూత పడుతుంది అని. ఇప్పుడు దీన్ని నడిమికి కోసేసి పైకి తీసుకెళ్తే రాత్రికి ఆయన ఏ ముక్క మీద పడుకుంటారు? తల ఒక ముక్క మీద, కాళ్ళు ఒక ముక్క మీదా? వద్దండీ. నా మాట వినండి. అడ్జస్ట్ అయిపోతుంది.

"ఆ మాటే వద్దన్నాను మీకు. పొద్దున మెట్లు ఇరుకుగా ఉన్నాయి, కొలత తీసుకోండి అంటే అడ్జస్ట్ అయిపోతుంది అన్నారు. మలుపు దగ్గర ఒకసారి ఆగి చూడండి అంటే అడ్జస్ట్ అయిపోతుంది అన్నారు. నేను పిల్లలకి ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు చెప్తున్నాను. అడ్జస్ట్ అనే పని ఎవరో ఒకళ్ళు చెయ్యాలి మేస్త్రీ గారూ. కారులో అద్దం అడ్జస్ట్ చేస్తాం, నడుముకి బెల్టు అడ్జస్ట్ చేస్తాం. లేదంటే మనిషి కొత్త ఊరికి అడ్జస్ట్ అవుతాడు, అంటే అలవాటు పడతాడు. సోఫాకి మీరు ఏమీ చెయ్యలేదు, అది ఏ మెట్లకీ అలవాటు పడదు."

భలే చెప్పారు. మీ పాఠం వింటే నాకే మళ్ళీ బళ్ళో కూర్చోవాలనిపిస్తోంది, కాకపోతే ప్రస్తుతం కూర్చునే వీల్లేదు. మేడమ్, మీరు చెప్పింది పుస్తకంలో అడ్జస్ట్. అది పాపం పెళ్ళికాని అడ్జస్ట్, ఒంటరిది. మా సామాన్ల పనిలో వాడే అడ్జస్ట్ వేరు. దాని ముందు ఎప్పుడూ ఒక 'కొంచెం' ఉంటుంది. ఆ రెండూ మొగుడూ పెళ్ళాల్లా కలిసే తిరుగుతాయి. ఉత్త 'అడ్జస్ట్ అవ్వు' అన్నారనుకోండి, అది దబాయింపు, ఎదుటోడు ఇంకా కాళ్ళు బారజాపుకుంటాడు. 'కొంచెం అడ్జస్ట్ అవ్వండి' అన్నారనుకోండి, అది చుట్టరికం. మీ అడ్జస్ట్ మనం చేసే పని. మా అడ్జస్ట్ మనం అడిగే పని. అడగడం వరకే మనది, అవ్వడం వాళ్ళు అవుతారు. ఎలా అడగాలో తెలియాలంతే. అది నాకు తెలిసినట్టు ఇంకెవడికీ తెలియదని నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు కాబట్టి నేనే చెప్తున్నా.

"బావా, నా భుజం విరుగుతోంది. కథ మొదలెట్టకు."

భుజం మార్చుకోరా. నీకు రెండున్నాయి. మేడమ్, వాడు మా ఆవిడ తమ్ముడు, మనిషి మంచోడే గానీ ఓపిక తక్కువ, వాళ్ళింట్లో అందరూ అంతే. వడ్రంగి వచ్చేలోపు ఒక్క ముక్క చెప్తా, విన్నాక కూడా కొయ్యాలనిపిస్తే కోసుకోండి, నేనేం అనను.

చిన్న సంగతే. నేను అప్పటికి ఇంత ఒళ్ళు చెయ్యలేదు. ఒక రోజు పనికి వెళ్తూ బస్సెక్కా. బస్సు నిండా జనం, నిలబడ్డానికి కూడా ముందు రోజే చెప్పి ఉంచుకోవాలి అన్నట్టుంది. ఒక సీటు మీద ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురూ ఒక్కలాంటోళ్ళే, బియ్యం బస్తాల్లాంటోళ్ళు. నేను పక్కన నిలబడి, మొహం ఇలా పెట్టి, ఇప్పుడు మీకు కనపడదు గానీ, అన్నం తిని రెండు రోజులైనోడి మొహం పెట్టి, 'కొంచెం అడ్జస్ట్ అవుతారా' అన్నా. అంతే. ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని జరిగారు. కూర్చున్నా. ఇది మామూలు సంగతే, ఎవడైనా చేస్తాడు, నేను కాదనను. కానీ తర్వాత స్టాపులో ఒక ముసలమ్మ ఎక్కింది. నాకు మనసాగలేదు. మళ్ళీ అడిగా. మళ్ళీ జరిగారు. ఆవిడ వెనక కొడుకు, కొడుకు వెనక కోడలు, కోడలి చంకలో పిల్ల, పిల్ల చేతిలో కోడిపిల్ల. అడుగుతూనే ఉన్నా, వాళ్ళు జరుగుతూనే ఉన్నారు. కండక్టరు టికెట్లు కొట్టడానికి వచ్చి 'నాక్కూడా చోటుందా' అన్నాడు. ఉందన్నా. చివరికి నేను దిగి కిటికీలోంచి చూస్తే ఆ ఒక్క సీటు మీద పదకొండు మంది ఉన్నారు మేడమ్, మిగతా బస్సంతా ఖాళీ. ఇంకా విచిత్రం ఏంటో తెలుసా? పదకొండు మందికీ కిటికీ పక్క సీటే.

"మేస్త్రీ, పదకొండు మందికీ కిటికీ ఎలా వచ్చింది? బస్సుకి ఉండేవి రెండు పక్కలే కదా."

డ్రైవరూ, నువ్వు బండి తోలేవాడివి, నీకు ముందు అద్దం ఒక్కటే తెలుసు. కిటికీలు కూడా జరిగాయిరా. అడిగితే జరగవా?

"బస్సులో మనుషులు జరిగారు, సరే. మనుషులు జరుగుతారు. గోడ జరగదు కదండీ."

అలా అడగండి. గోడ దగ్గరికే వస్తున్నా. కొత్తగా పెళ్ళైన జంట, చిన్న ఇల్లు, పడగ్గది ద్వారం ఇంతే. పిల్ల పుట్టింటి వాళ్ళు ఇనప బీరువా పెట్టారు. ద్వారం కంటే బీరువా వెడల్పు. ద్వారబంధం ముట్టుకుంటే ఖాళీ చేయిస్తానని ఇంటి ఓనరు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు. నేను మనుషుల్ని అందర్నీ వెనక్కి వెళ్ళమన్నా. ఒంటరిగా గోడ దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి ఇలా ఆనించి, మెల్లగా చెవిలో చెప్పినట్టు 'కొంచెం అడ్జస్ట్ అవుతావా తల్లీ' అన్నా.

"గోడ ఆడదని నీకెలా తెలిసింది బావా?"

గొంతు బట్టి తెలిసింది. ముందు ఒక మూలుగు మూలిగింది. పడుకున్నోళ్ళని లేపితే మూలుగుతారు చూడు, అలా. తర్వాత జరిగింది. అరంగుళం, అంగుళం, జానెడు. నేను చాలమ్మా చాలు అంటున్నా వినకుండా జరిగింది, మంచిదానికి మొహమాటం ఎక్కువ. బీరువా దర్జాగా లోపలికి వెళ్ళింది. ఇప్పుడు మీకు అనుమానం వస్తుంది, ఇటు జరిగితే అటు పక్కింట్లోకి వెళ్ళాలి కదా అని. వెళ్ళింది. ఆ పక్కింటాయన అప్పుడే అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. గోడ, గోడతో పాటు అద్దం, ఆయన ముక్కు దగ్గరికి వచ్చేశాయి. ఆయన తిట్టాడనుకున్నారా? కళ్ళజోడు తీసేసి, 'హమ్మయ్య, ఇన్నాళ్ళకి సరిగ్గా కనపడుతోంది' అన్నాడు.

"మరి ఆ గోడ మీద ఉన్న పై అంతస్తు సంగతేంటి?"

మేడమ్, మీరు టీచరు కాబట్టి పాయింటు పట్టుకున్నారు. పై అంతస్తుకి కూడా చెప్పా. దాన్ని విడిగా పిలిచి చెప్పా, ఎందుకంటే పైన ఉన్నోళ్ళకి కింద ఉన్నోళ్ళతో కలిపి చెప్తే నచ్చదు.

"సరే, మీరు అరిచి అరిచి గొంతు ఎండిపోయి ఉంటుంది. ఫ్లాస్కులో టీ ఉంది. డ్రైవరు గారూ, ఈ జ్యూస్ ప్యాకెట్ స్ట్రా వేసి ఆ సందులోంచి గ్లాసు అందించగలరా?"

అందించరా, అందించు. చెయ్యి ఇంకొంచెం కిందికి. నా ముక్కులో పెడుతున్నావు, నోరు దాని కింద ఉంటుంది. ఆ, అంతే. మేడమ్ మీ చెయ్యి చల్లగుండ. స్ట్రాతో టీ తాగడం ఇదే మొదటిసారి. ఉండండి, ఒక్క నిమిషం.

"బావా, కదిలింది. ఇప్పుడే ఒక వేలెడు పైకి వెళ్ళింది. డ్రైవరూ, లాగు, లాగు."

చూశావా. చూశారా మేడమ్. నేను చెప్పలా? సోఫాకి కూడా చెవులుంటాయండీ. బీరువా సంగతి విని దానికి పౌరుషం వచ్చింది. ఇంకో సంగతి చెప్తే తలుపు దాకా పరిగెత్తుకుంటూ వెళ్తుంది. ఉండండి, కాస్త గట్టిగా ఊపిరి పీల్చుకుని చెప్తా, ఎందుకంటే ఇది పెద్ద సంగతి, ఇందులో ఏనుగుంది.

"మళ్ళీ ఆగిపోయింది."

ఆగనీ. వింటోంది. ఆ తర్వాత ఏమైందంటే, బీరువా పేరు పాకిపోయి, ఒక సర్కస్ ఓనరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. సర్కస్ మూసేశాడు. పులుల్ని ఎవరికో ఇచ్చేశాడు, చిలకల్ని వదిలేశాడు, ఏనుగుని మాత్రం వదల్లేకపోయాడు. పిల్లప్పటి నుంచి పెంచుకున్నది. ఏడో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాడు. నాకు ఫోన్ చేసి 'మేస్త్రీ గారూ, నాకు రెండు సూట్‌కేసులూ, ఒక మంచం, ఒక ఏనుగు' అన్నాడు. సరేనన్నా. తీరా వెళ్తే మెట్లకి రిపేరు, లిఫ్టే దిక్కు. లిఫ్టు తలుపు తీస్తే లోపల అప్పటికే ఆరుగురున్నారు. పైన బోర్డు, ఆరుగురికి మాత్రమే అని. వాచ్‌మన్ అడ్డం పడ్డాడు.

"బోర్డు మీద రాసింది కదా మరి."

మనుషులు ఆరుగురు అని రాసి ఉంది మేడమ్. ఏనుగు మనిషి కాదు కదా. ఆ మాటే అన్నా, వాచ్‌మన్ ఆలోచనలో పడ్డాడు, వాడు ఆలోచిస్తుండగా నేను లోపలున్నోళ్ళకి చేతులు జోడించి 'కొంచెం అడ్జస్ట్ అవ్వండి, ఏడో అంతస్తు దాకానే' అన్నా. ఒకావిడ కూరగాయల సంచి పట్టుకుని ఏనుగు చెవి కిందికి జరిగింది. ఒకాయన పేపరు చదువుతున్నాడు, తల ఎత్తకుండానే దాని నాలుగు కాళ్ళ మధ్యలోకి వెళ్ళి, నీడ బాగుందన్నాడు. తలుపు మూసుకుంది. నాలుగో అంతస్తులో ఆగింది. అక్కడ ఇంకొకాయన, చేతిలో కుక్కపిల్ల. లోపల ఏనుగుని చూసి కూడా అడిగాడు చూడండి, 'చోటుందా' అని. నేను నోరు తెరిచేలోపు ఏనుగే పక్కకి జరిగింది. పాపం మర్యాద తెలిసిన ప్రాణి. తొండంతో ఏడో నంబరు బటన్ కూడా అదే నొక్కింది, తిరిగొచ్చేటప్పుడు దారి తెలియాలి కదా అని.

"నాయనా మేస్త్రీ."

ఎవరూ, పెద్దాయనేనా? చెప్పండి పెద్దాయనా. కింద నుంచి మీ గొంతు బాగా వినపడుతోంది. ఆయాసం లేదు కదా?

"లేదు నాయనా. ఇంతకీ కొత్త చోట ఆ ఏనుగుకి నిద్ర పట్టిందా?"

అడగాల్సింది మీరే అడిగారు. మొదటి రాత్రి పట్టలేదు పెద్దాయనా. అటు తిరిగింది, ఇటు తిరిగింది. అది ఇటు తిరిగినప్పుడల్లా ఆరో అంతస్తులో వాళ్ళకి అటు తిరగాల్సి వచ్చింది. పొద్దున్నే ఓనరు దిగాలుగా ఫోన్ చేశాడు. దానికి పాత చోట ఏదో ఒక గోడకి వీపు ఆనించి పడుకునే అలవాటట. నేను వెళ్ళి ఆ గదిలో గోడని కాస్త ఏటవాలుగా ఉండమని చెప్పి వచ్చా. అంతే, ఆ రోజు నుంచి గురకే గురక. ఎవరి నిద్ర వాళ్ళకి ముఖ్యం పెద్దాయనా. మీ సోఫాని నేను కొయ్యనిస్తానా?

"వీపు ఆనించడమే నాయనా అసలు సంగతి. అది నాకు తెలుసు."

"మేస్త్రీ గారూ, వడ్రంగి వచ్చాడు. నాన్న పక్కనుంచి పైకి వస్తున్నాడు. ఇక చాలు."

వచ్చాడా? తమ్ముడూ, బాగున్నావా? నువ్వు నాకు కనపడటం లేదు గానీ రంపం చప్పుడు వినపడుతోంది. అది కింద పెట్టు. ఇంత దూరం వచ్చావు, మెట్ల మీద కూర్చో, టీ తాగు.

"అన్నా, నాకు ఇంకో చోట తలుపు బిగించాలి. ఎక్కడ కొయ్యాలో చెప్తే ఒక్క నిమిషంలో కోసేసి వెళ్ళిపోతా."

ఒక్క నిమిషంలో కోసేస్తావు, నాకు తెలుసు. అతికించడానికి ఎన్ని నిమిషాలు? నేను ఓడనే కొయ్యనివ్వలేదు తమ్ముడూ, సోఫాని కొయ్యనిస్తానా? ఏ ఓడ అంటావా? అడుగుతావని తెలుసు. ఏనుగు సంగతి విని ఓడరేవు పెద్ద సారు కారు పంపించాడు. వెళ్ళి చూస్తే రేవు నిండా ఓడలు, ఆఫీసు బయట స్కూటర్లు పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. బయట సముద్రంలో ఇంకోటి ఆగి ఉంది, అన్నిటికంటే పెద్దది. దాని కొస చూడాలంటే మధ్యలో టిఫిన్ చెయ్యాలి. లోపల సరుకు పాడైపోతోంది, దాన్ని నడిమికి కోసి రెండు చోట్ల నిలబెడదామని అప్పటికే వెల్డింగ్ వాళ్ళని పిలిచేశారు. అచ్చం ఇప్పుడు నిన్ను పిలిచినట్టే.

"బావా, నువ్వు మొహమాటపడటానికి నేను నీ చెల్లెలి మొగుణ్ణి కాదు, నీ పెళ్ళాం తమ్ముణ్ణి. అయినా అడుగుతున్నా, నీకు దణ్ణం పెడతా, నా భుజం చూడు."

ఉండరా, అయిపోవచ్చింది. నేను ఒడ్డుకి వెళ్ళి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, నీళ్ళలో నిలబడి సముద్రాన్ని అడిగా. ఒక్కసారే అడిగా. 'కొంచెం' అన్నానో లేదో సముద్రానికి అర్థమైపోయింది, పెద్దవాళ్ళకి సగం చెప్తే చాలు. వెనక్కి జరగడం మొదలుపెట్టింది. చేపలన్నీ సామాన్లు సర్దుకుని అవతలికి వెళ్ళాయి. పీతలు ఎలాగూ పక్కకే నడుస్తాయి కాబట్టి వాటికి కొత్తగా చెప్పాల్సిన పనే లేకపోయింది. ఒక్క తిమింగలం మాత్రం మొండికేసింది. నేను ముందొచ్చా అంది.

"ఏ భాషలో అంది అన్నా?"

నోటితో అనాలా తమ్ముడూ? సీటు మీద రుమాలు వేసి కిందికి దిగి, తిరిగొచ్చేసరికి ఎవడో కూర్చున్నట్టు కనపడితే మన మొహం ఎలా ఉంటుంది? దాని మొహం అలా ఉంది. నేను దగ్గరికి వెళ్ళి, రుమాలు నీదేలే, నువ్వు అలాగే ఉండు, తోక ఒక్కటి మడుచుకో అన్నా. మడుచుకుంది. ఓడ గీత పడకుండా వచ్చి నిలబడింది. ఇటు జరిగిన సముద్రం అటు పెరుగుతుంది కదా, అటు ఒడ్డున కుర్చీలేసుకుని కూర్చున్నోళ్ళందరూ నాలుగడుగులు వెనక్కి జరిగారు. నేను తర్వాత ఫోన్ చేసి సారీ చెప్పా. పర్లేదండీ, మీరు అడిగారు కాబట్టి జరిగాం అన్నారు.

"మేస్త్రీ, కిర్రుమంది. సోఫాలో ఏదో చెక్క కిర్రుమంది."

"నేను విన్నాను. వడ్రంగి గారూ, ఇక ఆగొద్దు. చెక్క విరిగితే ఎలాగూ పోతుంది, కోస్తే కనీసం మనిషైనా దక్కుతాడు. నాన్నా, రాత్రికి దిండ్లు పెట్టి ఏదో ఒకటి చేద్దాం."

"ఏదో ఒకటి అంటే నిద్ర రాదమ్మా. సరే, నీ ఇష్టం. పాపం ఆ మేస్త్రీ నలిగిపోతున్నాడు."

వద్దు పెద్దాయనా, మీరు అలా మెత్తబడిపోకండి. మేడమ్, వడ్రంగిని ఒక్క క్షణం ఆపండి. అసలుది ఇంకా చెప్పలేదు. ఇవన్నీ వస్తువులు. గోడ వస్తువు, ఏనుగు వస్తువు కాదనుకోండి కానీ చేత్తో ముట్టుకోవచ్చు, సముద్రం తాకొచ్చు. చేతికి దొరకనిదాన్ని జరిపిన సంగతి ఒకటుంది. నేను రోజుని జరిపా.

"ఏ రోజుని?"

చూశారా, మేడమ్ అడిగారు. చెప్తా. మీలాంటి టీచరమ్మే, ఇద్దరు పిల్లలు, ఇల్లు మారుతోంది. పాత ఇల్లు మంగళవారం సాయంత్రం ఖాళీ చెయ్యాలి. కొత్త ఇల్లు బుధవారం పొద్దున ఇస్తారు. సర్దిన సామానూ, సర్దని సామానూ, పరీక్ష పేపర్లు దిద్దాలి, పిల్లకి జ్వరం, గ్యాసు అయిపోయింది. ఆవిడ మెట్ల మీద కూర్చుని, ఏడవటానికి కూడా టైము లేక, 'మేస్త్రీ గారూ, నాకు మధ్యలో ఒక్క రోజు దొరికితే బాగుండు' అంది. నేను చూడలేకపోయా. గోడ మీద క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, మంగళవారం అటు, బుధవారం ఇటు, కొంచెం అడ్జస్ట్ అవ్వండి నాయనా, మీ మధ్య ఒకళ్ళు కూర్చుంటారు అన్నా. మంగళవారం వెంటనే జరిగింది, దానికి ఎలాగూ ఎవరూ మర్యాద ఇవ్వరు, అడిగితే పొంగిపోయింది. బుధవారం కాస్త బెట్టు చేసింది. జరిగింది. మధ్యలో ఖాళీ వచ్చింది. తెల్లారింది. ఆ రోజుకి పేరు లేదు.

"అంటే, బడి?"

బడి లేదు. టైంటేబుల్లో ఆ రోజే లేదు కదా మేడమ్, ఏ పీరియడ్ అని పెడతారు? ఆఫీసుల్లేవు. కరెంటు వాళ్ళు కూడా ఎందుకు తియ్యాలో తెలియక తియ్యలేదు. సీరియల్ రాలేదు. బంధువులెవరూ రాలేదు, ఏ రోజు వస్తామని చెప్పగలరు? మా ఆవిడ నన్ను తిట్టబోయి, ఏ రోజు తిట్టు ఏ రోజుకి లెక్కేసుకోవాలో తెలియక మానేసింది. ఆ టీచరమ్మ పొద్దున పడుకుని, మధ్యాహ్నం లేచి, పేపర్లు దిద్ది, సాయంత్రం ఊరికే, ఏమీ చెయ్యకుండా, కిటికీ దగ్గర కూర్చుంది.

"ఊరికేనా?"

ఊరికే. కాఫీ కూడా వేరే ఎవరో పెట్టిచ్చారు.

"ఆ రోజు మళ్ళీ ఎప్పుడు వస్తుంది మేస్త్రీ గారూ?"

వస్తుంది మేడమ్. నేను చెప్తే వస్తుంది. కానీ అసలు కథ ఆ రోజు మధ్యాహ్నం జరిగింది. ఆకాశంలో సూర్యుడు ఆగిపోయాడు. ఆ రోజు తన డ్యూటీ ఉందో లేదో ఆయనకి చెప్పినోడు లేడు. మెల్లగా కిందికి దిగి, మా లారీ దాకా వచ్చి, వంగి, నా మొహంలో మొహం పెట్టి ఏమన్నాడో తెలుసా? ఉండండి. ఇది ఒక్క ఊపిరితో చెప్పాల్సిన మాట. బాగా పీల్చుకోనివ్వండి.

"బావా, పీల్చకు."

ఏం?

"పీల్చకు అంటున్నా. నాకు ఇప్పుడు తెలిసింది. నా భుజానికి తెలిసింది. నువ్వు టీ తాగినంతసేపు నోరు మూసుకున్నావు, అప్పుడు వేలెడు కదిలింది. ఏనుగు అని ఊపిరి పీల్చావు, ఆగిపోయింది. సముద్రం అని ఇంకా గట్టిగా పీల్చావు, చెక్క కిర్రుమంది. సోఫా గోడకి తగల్లేదు బావా. నీ పొట్టకి తగిలింది. నువ్వు కోతలు కోసినప్పుడల్లా అది ఉబ్బుతోంది."

అదేం మాటరా? నా పొట్ట ఏం చేసింది? మేడమ్, వీడు భుజం నొప్పితో ఏదో మాట్లాడుతున్నాడు.

"ఉండు అన్నా, నేను చెయ్యి పెట్టి చూస్తా. అవును. ఇటు గోడకీ సోఫాకీ మధ్య నా పిడికిలి దూరుతోంది. అటు అన్న పొట్టకీ సోఫాకీ మధ్య కాగితం కూడా దూరదు. అన్న మాట్లాడుతుంటే పొట్ట నా చేతిని నెడుతోంది."

"మేస్త్రీ గారూ, గోడని జరిపారు, సముద్రాన్ని జరిపారు, బుధవారాన్ని జరిపారు. మీరు ఊపిరి వదిలేసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండగలరా?"

ఉండలేకేం మేడమ్, ఉంటా. ఎంతసేపు?

"సోఫా మలుపు దాటేదాకా."

అంతసేపా. లేదు లేదు, ఉంటానన్నా కదా. కాకపోతే సూర్యుడు ఏమన్నాడో ఒక్కటి చెప్పేసి మొదలుపెడతా. చిన్న మాటే. మధ్యలో ఆపేస్తే మీకే రాత్రి నిద్ర పట్టదు.

"అన్నా, నాకు పని ఉంది. కొయ్యమంటావా, నువ్వు ఊరుకుంటావా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పు. రంపం పెట్టేశా."

ఎక్కడ పెట్టావు? ఆ మూలా? అది పెద్దాయన వీపు ఆనించే మూల తమ్ముడూ. తియ్యి. తియ్యి అంటున్నా. సరే. ఊరుకుంటా. బామ్మర్దీ, భుజం సరిగ్గా పెట్టు. డ్రైవరూ, తాడు బిగించు. మేడమ్, మీరు తలుపు రెక్కలు రెండూ తెరిచి ఉంచండి. సూర్యుడు వంగి

"బావా."



"ఊపిరి వదిలాడు. లాగు. డ్రైవరూ, లాగు."

"వస్తోంది. వడ్రంగన్నా, ఆ కాలు కొంచెం పైకెత్తు. ఆ. తిరిగింది, తిరిగింది."

"మెల్లగా, గోడకి రంగు కొత్తగా వేయించారు. అమ్మయ్య, మలుపు దాటేసింది."

"మేస్త్రీ నోరు తెరుస్తున్నాడు చూడు."

"తెరవకు బావా. ఇంకా రెండు మెట్లున్నాయి."

"ఇటు, ఇటు తీసుకురండి, కిటికీ పక్కన పెట్టండి. చెక్క ఎక్కడా విరగలేదు. నాన్నా, చెయ్యివ్వు, మెల్లగా ఎక్కు. కూర్చో. వీపు ఆనించు. సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా. అదే మూల."

"మేస్త్రీ ఇంకా మలుపులోనే గోడకి అతుక్కుని నిలబడ్డాడండీ. మొహం ఎర్రగా అయింది. ఆ సూర్యుడి మాట నోట్లోనే ఉన్నట్టుంది."

"అయ్యో, మర్చిపోయాం. మేస్త్రీ గారూ, అయిపోయింది, ఇక మాట్లాడొచ్చు మీరు."

"ఆగమ్మా. నాకు కన్ను మూత పడేదాకా ఆయన్ని అలాగే ఉండనివ్వు."